ఆ అడవి పేరెత్తితే మా అన్నయ్యే గుర్తొస్తాడు

విశాఖపట్నం సీతమ్మధార నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. వయసు నలభై నాలుగు, బ్యాంకులో ఉద్యోగం. భర్త ఓడరేవులో పనిచేస్తారు. కొడుకు తొమ్మిదో తరగతి, కూతురు నాలుగో తరగతి. అత్తగారు వీరితోనే ఉంటారు. రెండేళ్లుగా కొడుకుకు జియోకాషింగ్ అనే ఆట మీద మనసు పడింది. ఎవరో ఒక చిన్న డబ్బాలో పేర్లు రాసుకునే పుస్తకం పెట్టి ఎక్కడో దాస్తారు. ఆ చోటి అక్షాంశ రేఖాంశాలను అందరికీ తెలియజేస్తారు. ఫోనులో జీపీఎస్ పెట్టుకుని వెతికి, దొరికితే పుస్తకంలో పేరు రాసి, డబ్బాను ఉన్నచోటే పెట్టి రావాలి. ఈ వేసవి సెలవుల్లో ఆ ఆట కోసమే ఆస్ట్రేలియా వెళదామని భర్త అన్నారు. ఉత్తర క్వీన్స్‌లాండ్‌లోని కెయిన్స్ పట్టణం, దాని పైనున్న డెయిన్‌ట్రీ అడవి, మొత్తం పదహారు రోజులు. కొడుకు అప్పుడే నలభై మూడు డబ్బాల జాబితా రాసుకున్నాడు.

ఆ ప్రాంతం గురించి చదివిన రోజు నుంచి ఈమెకు నిద్ర లేదు. మొసళ్లు, పాములు, సాలీళ్లు, కుట్టే జెల్లీచేపలు. వీటన్నిటి వెనుక ఇంకొకటి ఉంది. ఈమెకు పన్నెండేళ్ల వయసులో, శ్రీకాకుళం జిల్లాలోని సొంత ఊళ్లో, పదిహేడేళ్ల అన్నయ్య కట్టెల మోపు తీయబోయి రక్తపింజరి కాటుకు గురయ్యాడు. పెద్దవాళ్లు మంత్రం వేసే ఆయన దగ్గరికి తీసుకువెళ్లారు. పట్నం ఆసుపత్రికి చేరేసరికి తెల్లవారింది. ‘మామయ్య ఉండేవాడని పిల్లలకు తెలుసు. ఎలా పోయాడో నేనెప్పుడూ చెప్పలేదు’ అని రాశారు. భర్త మాత్రం ‘అక్కడ ఏడాదికి పాముకాటుతో పోయేది ఇద్దరో ముగ్గురో, మన దగ్గర వేలమంది, నువ్వు భయపడాల్సింది ఇక్కడే’ అంటున్నారు. ‘అమ్మ వల్లే ప్రయాణం ఆగిపోతుంది’ అని కొడుకు మాటలు తగ్గించాడు. ‘ఆడపిల్లను వెంటేసుకుని అడవులేమిటి’ అని అత్తగారు. పదిహేను రోజుల్లో టిక్కెట్లు కొనాలి.

ఈమె అడిగినవి ఇవి. ప్రయాణాన్ని ఆపాలా? తండ్రీకొడుకులను పంపి, తాను పాపతో ఇంట్లో ఉండాలా? లేక తానూ వెళ్లి, తన భయంతో అందరి సరదా పాడుచేయాలా? చివర మరో రెండు చిన్న సందేహాలు. ఈమె ధైర్యం కోసం భర్త ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే పరికరం ఒకటి కొని తెస్తానంటున్నారు, అది మంచిదేనా? డబ్బాల్లో కానుకగా పెట్టడానికి కొడుకు ఏటికొప్పాక బొంగరాలు పట్టుకెళతానంటున్నాడు, అక్కడ ఒప్పుకుంటారా?

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆస్ట్రేలియా గురించి రెండు పేజీలు రాశారు, అన్నయ్య గురించి ఆరు వాక్యాలు. ఆ ఆరు వాక్యాల దగ్గరే మొదలుపెడతాను.

మీ భర్త చెప్పిన లెక్క నిజమే. ఆస్ట్రేలియాలో పాముకాటు మరణాలు సగటున ఏడాదికి రెండు మూడుకు మించవు. మన దేశంలో 2000 నుంచి 2019 వరకు ఏటా సుమారు 58,000 మంది పాముకాటుతో చనిపోయారని పరిశోధకులు అంచనా వేశారు. ఎక్కువ మరణాలు జరిగిన ఎనిమిది రాష్ట్రాల్లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. వారిలో చాలామంది పల్లెల్లో, ఇంటి దగ్గరే, ఆసుపత్రి గడప తొక్కకుండానే పోయారు. మీ అన్నయ్య ఆ లెక్కలోకి రాకముందే పోయిన పిల్లవాడు. రక్తపింజరి విషానికి మందు ఉంది, కానీ అది గంటలతో పరుగెత్తాల్సిన మందు. ఆ రాత్రి గంటలన్నీ మంత్రగాడి అరుగు మీద గడిచిపోయాయి. మీరు పన్నెండేళ్ల పిల్ల. చూస్తూ నిలబడటం తప్ప చేయగలిగింది ఏమీ లేదు. అందుకే ‘పాము’ అన్న మాట వినగానే మీ ఒంట్లో తిరిగి లేచేది ఆ రాత్రి, ఎవరూ ఏమీ చేయని ఆ రాత్రి. దానికి ఏడాదికి ఇద్దరో ముగ్గురో అన్న అంకె సమాధానం కాదు. మీరు లెక్క అడగలేదు. ‘ఏదైనా జరిగితే ఈసారి ఏం చేస్తాం?’ అని అడుగుతున్నారు. ఆ ప్రశ్నకు ఇంట్లో ఎవరూ ఇంతవరకు జవాబు చెప్పలేదు. నన్నడిగితే మీ ఇంట్లో గొడవంతా ఇక్కడే ఉంది.

ఒకటి మాత్రం గట్టిగా చెబుతాను. ప్రయాణం ఉన్నా లేకపోయినా, మీ అబ్బాయికి మామయ్య సంగతి చెప్పండి. పద్నాలుగేళ్లవాడు, వినగలడు. మీరు చెప్పనంతకాలం వాడికి కనిపించేది ఊరికే భయపడే అమ్మ. చెప్పాక ఒక తమ్ముణ్ణో చెల్లెల్నో పోగొట్టుకుంటే తాను ఏమైపోతాడో ఊహించుకోగలడు. అయితే ‘అందుకే నువ్వు వెళ్లకూడదు’ అన్న మాటను ఆ కథ చివర అతికించకండి. అలా అతికిస్తే మీ అన్నయ్యను వాడి మీద పెట్టిన కళ్లెంలాగా వాడుకున్నట్టవుతుంది. జరిగింది చెప్పి ఆపేయండి. చాలు.

ఇక ఆట సంగతి. ఇది చిన్నపిల్లల పిచ్చి కాదు. 2000 మే నెలలో అమెరికా ప్రభుత్వం పౌరులకు అందే జీపీఎస్ సంకేతాల్లో తాను కావాలని కలిపిన తప్పును తీసేసింది. ఆ మర్నాడే ఒరెగాన్ రాష్ట్రంలో ఒకాయన అడవిలో ఒక బకెట్ దాచి, చోటు చెప్పి, వెతుక్కోమన్నాడు. ఇప్పుడు ప్రపంచమంతటా ముప్పై లక్షలకు పైగా డబ్బాలున్నాయి. మీవాడు ఎండలో నడుస్తున్నాడు, పటం చదువుతున్నాడు, దొరికినదాన్ని జేబులో వేసుకోకుండా తర్వాత వచ్చేవాడి కోసం తిరిగి పెట్టడం నేర్చుకున్నాడు. ఈ వయసు పిల్లవాడికి ఇంతకంటే మంచి వ్యసనం నేను కోరను.

కానీ ఈ ఆటలో మీకు గుచ్చుకున్న ముల్లు ఎక్కడుందో నాకు తెలుసు. డబ్బా దాచేది ఎక్కడ? చెట్టు తొర్రలో, రాళ్ల సందులో, పడిపోయిన మాను కింద. మీ అన్నయ్య చెయ్యి పెట్టింది కట్టెల మోపు కింద. రెండూ ఒకటే.

మా అమ్మమ్మ పొద్దున్నే పొయ్యి ముట్టించడానికి పిడకల గూటి దగ్గరికి వెళ్లేది. చేతిలో ఎప్పుడూ ఒక కర్ర. గూటి మీద రెండు దెబ్బలు కొట్టేది, కాసేపు ఆగేది, పైపిడకను కర్రతోనే జరిపేది, అప్పుడు చెయ్యి పెట్టేది. ఎన్నడూ తొందరపడగా చూడలేదు. ఆమెకు పాములంటే భయం ఉందో లేదో నేను అడగలేదు, కర్ర మాత్రం మరిచిపోలేదు. ఆస్ట్రేలియాలో ఈ ఆట ఆడేవాళ్లు పాటించేది కూడా ఇదే. ముందు టార్చి వేసి చూడటం, కర్రతో తట్టడం, తోటపని చేతితొడుగులు వేసుకోవడం, మాను దాటేటప్పుడు అవతల ఏముందో చూడకుండా కాలు వేయకపోవడం, చీలమండ పైదాకా బూట్లు, పొడుగు ప్యాంటు. డబ్బా మూత తెరిచేటప్పుడూ జాగ్రత్త అవసరమే. రెడ్‌బ్యాక్ అనే సాలీడుకు ఇలాంటి డబ్బాల అడుగులు, మూలలు చాలా ఇష్టం. అది కుడితే నొప్పి తీవ్రం. అయితే విరుగుడు 1956 నుంచి ఉంది.

పాము కాటు జరిగితే అక్కడ చేసే ప్రథమ చికిత్స మన దగ్గర చేసేదానికి వేరు. ఇది మీ నలుగురికీ నోటికి రావాలి. అక్కడి ప్రమాదకరమైన పాముల విషం ఎక్కువగా శరీరమంతా పాకి పనిచేస్తుంది. అందుకే కాటు పడిన చేతికో కాలికో మొత్తంగా వెడల్పాటి క్రేప్ బ్యాండేజీ గట్టిగా చుట్టేస్తారు, బెణుకుకు చుట్టినంత బిగువుగా. మొదట కాటు మీద, తర్వాత వేళ్ల నుంచి పైకి. కర్ర ఆసరాతో కదలకుండా కడతారు. కాటు పడిన మనిషిని ఒక్క అడుగు కూడా నడవనివ్వరు. గాయాన్ని కడగరు, కోయరు, నోటితో పీల్చరు. పామును పట్టుకోవడానికి, చంపడానికి ప్రయత్నించరు. అక్కడి అత్యవసర నంబరు 000కు ఫోన్ చేసి ఉన్నచోటే ఉంటారు. ఒక్కొక్కరి సంచిలో మూడేసి బ్యాండేజీలు ఉండాలి. ఈ బిగువు కట్టును మాత్రం తిరిగివచ్చాక మన ఊళ్లో ప్రయోగించకండి. రక్తపింజరి లాంటి పాముల విషం కాటు పడినచోటి కండను కుళ్లబెడుతుంది, అక్కడే బిగించి ఉంచితే నష్టం. మన దగ్గర పాటించాల్సింది కదలనివ్వకుండా ఉంచడం, తాడు కట్టకపోవడం, నేరుగా ఆసుపత్రికి తీసుకువెళ్లడం.

ఒక ఆదివారం మీ హాల్లో మీవాడి కాలికి పాప చేత ఆ కట్టు కట్టించండి. పదిసార్లు కట్టించండి. మీరూ కట్టండి. పన్నెండేళ్ల వయసులో మీ చేతులకు దొరకని పని అది. ఇప్పుడు దొరుకుతుంది. ధైర్యవచనాలు మీ మీద పనిచేస్తాయని నేను నమ్మను, చేతులకు పని నేర్పడం పనిచేస్తుందని నమ్ముతాను.

నిజానికి ఉత్తర క్వీన్స్‌లాండ్‌లో నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది పాము కాదు, ఉప్పునీటి మొసలి. గ్లాడ్‌స్టన్ పట్టణం దగ్గరి నుంచి పైకి, కెయిన్స్, డెయిన్‌ట్రీ అంతా మొసళ్ల సీమ. పేరుకు ఉప్పునీటిదైనా మంచినీటి వాగుల్లోనూ, సముద్రపు ఒడ్డునా ఉంటుంది. హెచ్చరిక బోర్డు లేదంటే మొసలి లేదని అర్థం కాదు. నీటి అంచుకు కనీసం 5 మీటర్ల దూరంలో ఉండమని అక్కడి ప్రభుత్వం చెబుతుంది, గుడారం వేస్తే 50 మీటర్లు. ఇప్పుడు ఫోనులోని జీపీఎస్ ఎలా పనిచేస్తుందో మీవాడిని అడగండి. ఆరుబయట కూడా నాలుగైదు మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది, దట్టమైన చెట్ల కింద ఇంకా ఎక్కువ. అంటే వాగు ఒడ్డున డబ్బా ఉందంటే బాణం గుర్తు వాణ్ణి నీళ్లలోకి కూడా నడిపించగలదు. వెతికేవాడి కళ్లు ఫోను మీద ఉంటాయి, వీపు నీటివైపు ఉంటుంది. కాబట్టి వాగు, నది, మడ అడవి పక్కనున్న డబ్బాలన్నీ జాబితా నుంచి తీసేయాలి. దీనిలో బేరం లేదు. అన్ని దారులూ మీ ముందు పెట్టి మీ ఇష్టం అంటున్న నేను, ఈ ఒక్కచోట మాత్రం అలా అనలేను.

తక్కినవి త్వరగా చెబుతాను. అడవిలో గింపీ గింపీ అనే మొక్క ఉంటుంది, ఆకు హృదయాకారంలో ఉంటుంది. మన దూలగొండి దాని ముందు పసిబిడ్డ. ఆకుల మీది సన్నటి నూగు గుచ్చుకుంటే నొప్పి వారాలు, ఒక్కోసారి నెలలు వేధిస్తుంది. బాట వదలకపోతే తగలదు. కాసోవరీ అనే నిప్పుకోడి లాంటి పెద్ద పక్షి ఎదురైతే పరుగెత్తకుండా, సంచి అడ్డుపెట్టుకుని మెల్లగా వెనక్కి నడవాలి. తిండి ఎప్పుడూ వేయకూడదు. సముద్రంలో ప్రాణాంతకమైన జెల్లీచేపల కాలం నవంబరు నుంచి మే దాకా. బీచ్‌ల దగ్గర వెనిగర్ సీసాలు ఉంచేది అందుకే. ఆర్.కె. బీచ్‌లో, యారాడలో అల మనిషిని ఎలా లోపలికి లాగుతుందో మీకు కొత్తగా చెప్పనక్కరలేదు. అక్కడ ఎరుపు పసుపు జెండాల మధ్య మాత్రమే దిగాలి. అద్దెకారు నడిపేటప్పుడు చీకటి పడకముందే బసకు చేరండి, సంధ్యవేళల్లో కంగారూ జాతి జంతువులు రోడ్డు మీదికి దూకుతాయి.

కాలం కూడా చూసుకోవాలి. సంక్రాంతి సెలవులకు వెళ్లేమాటైతే నేనే వద్దనేదాన్ని. అక్కడ జనవరిలో వానలు, తుపాన్లు. సెప్టెంబరు నుంచి ఏప్రిల్ దాకా మొసళ్లు మరింత చురుగ్గా ఉంటాయి. మన దసరా సెలవులు ఆ గడువులోకే వస్తాయి. మే చివరి వారం నుంచి జూన్ రెండో వారంలో బడులు తెరిచేదాకా అంటే అక్కడ వానలు తగ్గి చల్లబడే కాలం. మీ భర్త వేసవి సెలవులు అనుకోవడంలో తెలిసో తెలియకో మంచి సమయమే పడింది. అయితే మే మొదట్లో కాకుండా చివర్లో బయలుదేరండి.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

తండ్రీకొడుకులను పంపి మీరు ఇంట్లో ఉండటం అన్నిటికంటే తేలికగా కనిపిస్తుంది. నాకు అది అన్నిటికంటే బరువైనదనిపిస్తోంది. డెయిన్‌ట్రీ నది దాటాక చాలాచోట్ల ఫోను సంకేతం అందదు. రోజుకు ఎనిమిది గంటలు ఫోను కలవకపోతే మీరు ఇక్కడ ఎలా ఉంటారో ఊహించగలను. మళ్లీ పన్నెండేళ్ల పిల్లగానే, ఏమీ చేయలేక ఎదురుచూస్తూ. పైగా నాన్నతో ధైర్యంగా వెళ్లినవాళ్లు, అమ్మతో ఆగిపోయినవాళ్లు అని ఇల్లు రెండుగా చీలుతుంది. పాప ఏ వైపు పడుతుందో చూడండి. అత్తగారు ‘ఆడపిల్లకు అడవులేమిటి’ అన్న మాట నెగ్గుతుంది. తొమ్మిదేళ్ల పిల్ల కూడా పొడుగు ప్యాంటు వేసుకుని టార్చి పట్టుకోగలదు. అన్నయ్య కంటే జాగ్రత్తగానే పట్టుకుంటుందేమో కూడా.

దేశాన్ని మార్చడం ఇంకో దారి. న్యూజిలాండ్‌లో నేల మీద తిరిగే పాము ఒక్కటీ లేదు, మొసలి లేదు. ఈ ఆట అక్కడా బాగా ఆడతారు. అక్కడి ప్రమాదాలు కొండవాతావరణం, చలి, ఉప్పొంగే నదులు. జూన్ అంటే వాళ్లకు చలికాలం, పగలు చిన్నది. మీకు నిద్ర పడుతుంది. మీవాడు మాత్రం రెండేళ్లుగా కలగన్న అడవి కాకుండా వేరేచోటికి వెళతాడు. మామయ్య సంగతి విన్నాక వాడే ఒప్పుకోవచ్చు, అడిగి చూడండి. ఒప్పుకున్నట్టు నటించి ముఖం మాడ్చుకుంటే మాత్రం పదహారు రోజులు మీరే దోషిలా తిరుగుతారు.

అదే దేశంలో దక్షిణానికి దిగడం మూడోది. మెల్‌బోర్న్, కాన్‌బెర్రా. అక్కడ మొసళ్లు లేవు, ఉత్తరాన ఉండే జెల్లీచేపల బెడద లేదు. జూన్ చలికి పాములు చాలావరకు బయటికి రాకుండా పడుకుంటాయి. నగరం మధ్యలోనే, పార్కుల్లో, నడకదారుల వెంట, డబ్బాలు గుట్టలుగా ఉంటాయి. అడవిలో రోజంతా తిరిగి మూడు పట్టుకుంటే, అక్కడ పూటకు పది పట్టుకోవచ్చు. మీ అబ్బాయి లెక్కల మనిషైతే ఈ వాదన వాడికి నచ్చుతుంది. లేదా పది రోజులు దక్షిణాన గడిపి, అలవాటు పడ్డాక, చివరి నాలుగైదు రోజులు కెయిన్స్‌కు వెళ్లవచ్చు. అప్పటికి మీ చేతులకు, కళ్లకు, నలుగురి మధ్య మాటకు ఒక పద్ధతి కుదిరి ఉంటుంది. విమాన ఖర్చు పెరుగుతుంది, ప్రయాణాలతో రెండు రోజులు పోతాయి. అయినా నా మనసు దీనివైపే కాస్త మొగ్గుతోంది.

అనుకున్నట్టే మొత్తం కెయిన్స్‌కు వెళ్లడం కూడా తప్పు కాదు, జాబితాను తిరగరాస్తే. ప్రతి డబ్బాకూ రెండు అంకెలుంటాయి, కనిపెట్టడం ఎంత కష్టమో, అక్కడికి చేరడం ఎంత కష్టమో. రెండూ ఒకటి నుంచి అయిదు దాకా. రెండో అంకె మూడు దాటినవన్నీ కొట్టేయమనండి. ప్రమాదకర జంతువులు, విషపు మొక్కలు, పిడుదులు ఉన్నాయని చెప్పే గుర్తులు కూడా డబ్బా వివరాల్లో ఉంటాయి. ముందు వెళ్లినవాళ్లు రాసిన నాలుగు మాటలు చదివితే అసలు సంగతి తెలుస్తుంది. నలభై మూడులో పదిహేను మిగిలినా అది మంచి ప్రయాణమే. ఈ కొట్టివేత మీరు చేయకండి, వాడి చేత చేయించండి. ప్రతిదాన్నీ ఎందుకు ఉంచాడో, ఎందుకు తీశాడో మీకు చెప్పాలి. వాడు బాధ్యతగా ఆలోచించగలడా లేడా అన్నది మీకు టిక్కెట్లు కొనకముందే తెలిసిపోతుంది.

ఏడాది వాయిదా కూడా ఒక దారే. వచ్చే ఏడాది పదో తరగతి పరీక్షలయ్యాక సెలవులు ఇంకా పొడుగు. ఈలోపు వాడికి ఏడాది సాధన. కాకపోతే అప్పుడు ఇంటర్ కాలేజీలు, ముందస్తు తరగతులు అంటూ వచ్చి పడతాయని మీకూ తెలుసు. వాయిదా పడింది రద్దయినట్టే అయ్యే అవకాశం ఎక్కువ.

సాధన మాత్రం ఏ దారిలోనైనా ఇప్పుడే మొదలుపెట్టండి. మీ భర్త శివాజీ పార్కులో ఒక టిఫిన్ డబ్బా దాచాలి, మీరు ముగ్గురూ వెతకాలి. ఆ తర్వాత కంబాలకొండలో అనుమతి ఉన్న బాట మీద, ఏమీ దాచకుండా, ఎక్కడ చెయ్యి పెట్టకూడదో గుర్తుపట్టే ఆట ఆడండి. ఆ కొండల్లో రక్తపింజరులూ ఉన్నాయి, చిరుతలూ ఉన్నాయి. మీ భర్త అన్న ‘భయపడాల్సింది ఇక్కడే’ అన్న మాటలో నిజమున్నది ఇక్కడ. డాల్ఫిన్స్ నోస్ కొండ వైపు గానీ, నౌకాదళం గోడల దగ్గర గానీ ఫోను పట్టుకుని పొదలు వెతకడం, డబ్బాలు దాచడం చేయనివ్వకండి. విశాఖలో అది ఆటగా ఎవరికీ కనిపించదు. ఎర్రమట్టి దిబ్బల్లో తవ్వడం కూడా వద్దు. అసలు ఈ ఆటలో స్థలం సొంతదారు అనుమతి లేకుండా డబ్బా కోసం నేల తవ్వకూడదన్నది నియమం.

మీ నలుగురి మధ్య ఒక ఒప్పందం ఉండాలి. ఎవరైనా, పాపైనా సరే, ‘చాలు’ అంటే ఆ డబ్బాను అక్కడితో వదిలేయాలి. ఎందుకు అని అడగకూడదు, వెనక్కి వచ్చాక దెప్పకూడదు. దొరకలేదని నమోదు చేయడం ఈ ఆటలో పరువుతక్కువ కాదు, అందరూ చేసేదే. అయితే ఆ మాట చేతిలో ఉంది కదా అని మీరు పూటకు ఇరవైసార్లు వాడితే దానికి విలువ పోతుంది. రోజుకు రెండుసార్లు అని మీకు మీరే హద్దు పెట్టుకోండి. పాపకూ అంతే.

మీ భర్తతో మాట్లాడేటప్పుడు వెళదామా వద్దా అన్నది పక్కన పెట్టండి. ‘ఏవండీ, మనం ఉన్నచోటికి దగ్గరి ఆసుపత్రి ఎంత దూరం? ఫోను పనిచేయని చోట ఏం చేస్తాం? ఆసుపత్రి ఖర్చు ఎవరు భరిస్తారు?’ అని అడగండి. ఈ మూడింటికీ కాగితం మీద జవాబు రాసివ్వమనండి. ఆయన మిమ్మల్ని చిన్నచూపు చూస్తున్నారని నాకు అనిపించలేదు. మీ భయం ముందు ఏం చేయాలో తెలియక అంకెలను అడ్డం పెట్టుకున్నారు. పని అప్పగిస్తే చేస్తారు. అక్కడ మనలాంటి సందర్శకులకు వైద్యం ఉచితం కాదు, అంబులెన్సుతో సహా. అడవి నుంచి హెలికాప్టర్‌లో తరలించే ఖర్చు కూడా భరించే ప్రయాణ బీమా తప్పనిసరి. ఎమర్జెన్సీ ప్లస్ అనే ఉచిత యాప్ ఒకటుంది. అక్కడి అత్యవసర సేవలవాళ్లు చేసినదే, మీరు నిలబడ్డ చోటి అక్షాంశ రేఖాంశాలు చూపిస్తుంది. 000కు ఫోన్ చేసినప్పుడు చోటు చెప్పే పని మీ అబ్బాయికే ఇవ్వండి. రెండేళ్లుగా వాడు చేస్తున్న సాధన అదే.

ఉపగ్రహ పరికరం విషయంలో ఆయన్ను ఆపండి. మన దేశంలో అనుమతి లేకుండా ఉపగ్రహ ఫోన్లు, ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే పరికరాలు ఉంచుకోవడం నేరం. తెలియక సామానులో పెట్టుకున్న ప్రయాణికులను విమానాశ్రయాల్లో పట్టుకున్న సందర్భాలున్నాయి. మంచి ఉద్దేశంతో కొన్నది కేసుగా మారకూడదు. ఇక్కడి నుంచి తీసుకెళ్లనూ వద్దు, అక్కడ కొని తేనూ వద్దు. ఆస్ట్రేలియాలో ఆపదలో మీట నొక్కితే సహాయ బృందాలకు చోటు తెలియజేసే చిన్న పరికరాలు అద్దెకు దొరుకుతాయి. దిగాక తీసుకుని, బయలుదేరే ముందు ఇచ్చేసి రండి.

బొంగరాల మాట. మీవాడి ఆలోచన నాకెంతో నచ్చింది. అంకుడు కర్ర, లక్క రంగు, మన జిల్లాల చేతిపని ఎక్కడో తొర్రలో ఎవరికో దొరకడం ఎంత బాగుంటుంది. అయితే ఆస్ట్రేలియాలో కర్రతో చేసిన ఏ వస్తువునైనా దిగగానే ఇచ్చే పత్రంలో ప్రకటించాలి. ‘ఉంది’ అన్న గడిలో టిక్కు పెట్టి, అధికారికి తీసి చూపించాలి. పురుగు తొలిచిన రంధ్రాలు, బెరడు లేకుండా నున్నగా ఉన్నవాటిని చూసి ఇచ్చేస్తారు. అనుమానం వస్తే ఉంచేసుకుంటారు, అంతవరకే నష్టం. చెప్పకుండా దాచి దొరికితే జరిమానా, ఒక్కోసారి వీసా రద్దు కూడా. కాబట్టి ఒక్కొక్కటీ చూసి ఎంచుకుని, విడిగా ఒక సంచిలో పైనే పెట్టండి. అత్తగారు కట్టిచ్చే ఆవకాయ, పొడులు కూడా అదే గడిలోకి వస్తాయి. బూట్ల అడుగున మట్టి ఉంటే దాన్నీ అడుగుతారు. కంబాలకొండలో సాధన చేసిన బూట్లను బయలుదేరే ముందురోజు పాత బ్రష్షుతో గాళ్లలోని మట్టి పోయేదాకా కడిగి ఆరబెట్టండి.